చాయ్‌పావ్‌కి కావాల్సింది అయిదొందలే: ‘సలాం బాంబే’

వాళ్లన్న మోటార్‌సైకిల్‌ని కృష్ణ తగలబెట్టాడని వాళ్లమ్మ వాణ్ణి తీసుకెళ్లి సర్కస్‌లో పనికి పెట్టింది. అయిదొందలు సంపాదించుకుంటేనే ఇంటికి రమ్మంది. సర్కస్ వాళ్లు ఏదో పని మీద వాణ్ణి బయటికి పంపి, తిరిగొచ్చేలోపు అంతా సర్దుకుని వెళ్లిపోయారు. ఇంక దారి లేక బొంబాయి చేరాడు. 1988లో మీరా నాయర్ తీసిన ‘సలాం బాంబే’ కథ ఇక్కణ్ణుంచే మొదలవుతుంది.

నేను రైల్వేలో టీసీగా చేసి రిటైరయ్యాను. విజయవాడ మీదుగా పోయే బళ్లలో బెర్తుల కింద దూరి పడుకున్న పిల్లల్ని, ఒంటి మీది చొక్కా విప్పి దాంతోనే బోగీ ఊడ్చి చెయ్యి చాపే పిల్లల్ని సర్వీసంతా చూశాను. ఇల్లెందుకు వదిలావురా అనడిగితే, నాన్న కొట్టాడనో, సారు తిట్టాడనో చెప్పేవాళ్లు. వినేవాళ్లకి అది చిన్న విషయం. వాడికి మాత్రం ఇంటి తలుపు మూసుకుపోయినట్టే. అందుకే ఈ సినిమా మొదలు నాకు అల్లిన కథలా అనిపించలేదు.

గ్రాంట్ రోడ్ దగ్గర టీ కొట్లో పనికి కుదిరాక కృష్ణ పేరు కాస్తా చాయ్‌పావ్ అవుతుంది. చుట్టూ ఫాక్‌లండ్ రోడ్ వేశ్యావాటిక. వాడు పైసా పైసా దాస్తుంటాడు. వీధిలో బతికే పిల్లాడి దగ్గర డబ్బు ఎందుకు నిలవదో ఇంత వివరంగా చూపించిన సినిమా నేను ఇంకోటి చూడలేదు. దాచుకోడానికి చోటుండదు, ఉన్న పని ఏ రోజు పోతుందో తెలియదు. చివరికి ఆ డబ్బు తీసింది పరాయివాడు కూడా కాదు. అన్నలా వెంటపెట్టుకు తిరిగిన చిల్లం అనే మత్తుకి బానిసైన కుర్రాడే మత్తు కోసం కాజేస్తాడు, దాంతోనే ప్రాణం పోగొట్టుకుంటాడు. రఘువీర్ యాదవ్ ఆ పాత్రని ఎలా చేశాడంటే, అంత దొంగతనం తర్వాత కూడా నాకు వాడి మీద కోపం రాలేదు. ఆ తర్వాత, చిల్లం చేత మత్తుమందు అమ్మించిన బాబా (నానా పాటేకర్) ఇంకో కుర్రాణ్ణి పనిలో పెట్టుకుని వాడికీ చిల్లం అనే పేరు పెడతాడు. అక్కడ నేను సినిమా ఆపి కాసేపు అలా కూర్చుండిపోయాను.

బడ్జెట్ నాలుగున్నర లక్షల డాలర్లు. ఆ తక్కువ డబ్బు సినిమాకి మేలే చేసింది. నిజమైన వీధులు, నిజంగా వీధుల్లో బతికిన పిల్లలు. ముందుగా వర్క్‌షాప్ పెట్టి వాళ్లకి నటన నేర్పారు. కృష్ణగా చేసిన షఫీక్ సయ్యద్‌కి ఉత్తమ బాలనటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. ఎక్కడా వాడు మన జాలి అడగడు. ఉత్తరం రాసిపెట్టే మనిషిగా కాసేపు కనిపించేది ఇర్ఫాన్ ఖాన్, గమనించండి.

విదేశీ జర్నలిస్టు వచ్చే భాగం మాత్రం నాకు అతకలేదు. బాబాకీ, అతనితో ఉండే వేశ్య రేఖకీ మధ్య గొడవకి కూడా ఎక్కువ సమయమే ఇచ్చారు, ఆ సమయం కుర్రాళ్లకి ఇచ్చుంటే బాగుండేదనిపించింది. కానీ వాళ్ల కూతురు మంజుని పోలీసులు పట్టుకుపోయాక, తల్లి వేశ్య కాబట్టి పిల్లని ఇవ్వం అని పిల్లల్ని ఉంచే సర్కారు హోమ్ వాళ్లు చెప్పే చోటు ఆ లోటంతా తీర్చేసింది. తల్లికి ఇంకేం మిగిలిందని!

ఈ సినిమాకి కాన్ చిత్రోత్సవంలో, దర్శకుల తొలి సినిమాకిచ్చే కెమెరా డి ఓర్ అవార్డు వచ్చింది, ఆస్కార్ నామినేషన్ వచ్చింది. నాకు వాటికన్నా పెద్దగా అనిపించింది, సినిమా మీద వచ్చిన డబ్బుతో వీధి పిల్లల కోసం సలాం బాలక్ ట్రస్ట్ మొదలుపెట్టడం.

మత్తుమందు, వ్యభిచారం, హత్య ఉన్నాయి కాబట్టి చిన్నపిల్లలకి వద్దు. ఇంటర్ చదివే వయసు వాళ్లయితే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మాటలన్నీ బొంబాయి వీధి హిందీ, వేగంగా సాగిపోతాయి. హిందీ బాగా వచ్చినా సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.