కడ్డీ పైకొన ఎక్కడ ఆగాలి: ఛాతీ భాగంలో పైనుంచి రెండో వెన్నుపూస (టి2) దగ్గరా, నాలుగోదాని (టి4) దగ్గరా?

వెన్నెముక పక్కకు వంగే స్కోలియోసిస్‌కు, కడ్డీ బిగించి వెన్నుపూసలను అతికించే ఆపరేషన్ అయ్యాక టీనేజీ అమ్మాయి అద్దం ముందు నిలబడి మొదట చూసుకునేది భుజాలనే. వీపు తనకు కనబడదు కదా! మెడ పక్కన కండ ఒకవైపే ఉబ్బిందా, సంచి పట్టీ ఒక భుజం మీంచి జారిపోతోందా అన్నవే ఆమె కొలతలు.

ఈ వయసులో వచ్చే ఛాతీ వంపు ఎక్కువమందిలో కుడివైపు ఉంటుంది. అందుకే కుడి భుజం లేచి కనిపిస్తుంది. దానికి పైన, మెడ దగ్గర, ఎడమవైపు చిన్న వంపు ఇంకొకటి ఉంటుంది. కింది పెద్ద వంపును పూర్తిగా లాగి నిలబెట్టి, పైదాన్ని వదిలేస్తే ఎడమ భుజం పైకి లేస్తుంది. చిక్కంతా ఇక్కడే.

టి2 వరకు కడ్డీ బిగిస్తే పైవంపు కూడా చేతికి చిక్కుతుంది. కానీ కోత మెడ వైపు పాకుతుంది, మచ్చ దుస్తుల పైన కనిపించవచ్చు. పక్కటెముకలు పట్టి ఉంచే ఆ భాగంలో కదలిక మొదటే తక్కువ కాబట్టి, పోయే వంగుడు పెద్దదేమీ కాదు. టి4 దగ్గర ఆపితే కోత చిన్నది, అతికే ఎముకలు తక్కువ. పైవంపు తనంతట తాను సర్దుకోవాలి.

పక్కకు వంచి తీసిన ఎక్స్‌రేలో పైవంపు 25 డిగ్రీల కన్నా తగ్గకపోతే అది గట్టిపడినట్టే. ఎడమ భుజం కూడా ముందే ఎత్తుగా ఉంటే నేను టి2 వైపే మొగ్గుతాను. కుడి భుజం ఎత్తుగా ఉండి, పైవంపు మెత్తగా ఉంటే టి4 చాలు. అయితే కింది వంపును మరీ నిటారుగా చేయాలన్న ఆశను అదుపులో పెట్టాలి. టి2 వరకు వెళ్లినా పైవంపును సరిచేయకపోతే భుజాలు ఎగుడుదిగుడుగానే మిగులుతాయి.

ఇక సంతృప్తి మాట. స్కోలియోసిస్ రోగులను అడిగేందుకు అందరూ వాడే ఎస్ఆర్ఎస్-22 ప్రశ్నావళిలో చికిత్సపై సంతృప్తికి రెండే ప్రశ్నలు, భుజాల గురించి విడిగా ఒక్కటీ లేదు. అందుకే ఎక్స్‌రేలో తేడా ఉన్నా మార్కులు బాగా రావచ్చు. మొదట్లో కనిపించే తేడా చాలామందిలో నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది కూడా. కొందరిలో మాత్రం ఆ సర్దుబాటు భారం అతికించని కింది వెన్నుపూసల మీద పడి, అక్కడ వంపు పెరుగుతుంది.

కాబట్టి ఆపరేషన్‌కు ముందు వెనకనుంచి తీసే ఫొటోతో ఆగకుండా, ముందునుంచి కూడా ఒకటి తీసి ఆమె చేతికివ్వండి. తనను ఏది బాధిస్తోందో ఆమెనే వేలు పెట్టి చూపమనండి.