ఖాళీలు పూరించడమా, వాక్యం మార్చి రాయడమా?

ఇంగ్లీషు ప్రిపొజిషన్లు నేర్చుకునే రొమేనియన్లకు రెండు దారులున్నాయి. ఒకటి ఖాళీలు పూరించడం, రెండోది సొంత భాషలో ఉన్న వాక్యాన్ని ఇంగ్లీషులో రాసి దిద్దించుకోవడం.

మొదటిది తేలిక, జవాబులు పుస్తకం చివర ఉండనే ఉంటాయి. రొమేనియన్‌లో స్కూల్లో ఉన్నా, స్కూలుకు వెళ్తున్నా 'లా' ఒక్కటే సరిపోతుంది. అందుకే 'ఎట్', 'టు' తేడా వంటపట్టడానికి ఖాళీలు బాగానే పనికొస్తాయి.

చిక్కల్లా ఏంటంటే, ఖాళీ కనిపించగానే అక్కడ ఏదో రావాలని తెలిసిపోతుంది. అసలు తప్పులు దొర్లేది ఆ సూచన లేనిచోట. సోమవారం ఫలానా పని చేస్తానని చెప్పడానికి వాళ్లకు 'లుని' అంటే చాలు, ముందు ఏమీ అక్కర్లేదు. దాంతో ఇంగ్లీషులో 'ఆన్' ఎగిరిపోతుంది. బస్సు కోసం ఎదురుచూడటంలోనూ అంతే, 'వెయిట్ ద బస్' అనేస్తారు. ప్రశ్నకు జవాబివ్వడం దీనికి రివర్సు. అక్కడ 'లా' ఉంది కదా అని 'ఆన్సర్ టు ద క్వశ్చన్' అని రాస్తారు. అక్కర్లేని ఆ 'టు'ను ఏ ఖాళీ పట్టుకుంటుంది?

రాస్తేనే ఇవి బయటపడతాయి. దిద్దేవాళ్లు కావాలి, విసుగూ ఎక్కువే, అయినా నా ఓటు దీనికే. మరీ కొత్తవాళ్లయితే కొన్నాళ్లు ఖాళీలతోనే కానివ్వొచ్చు.