గ్రిల్‌కి 20 పౌండ్ల ట్యాంకా, చిన్న డబ్బానా, ఇంటి గ్యాస్ లైనా: ఏది మేలు?

మెమోరియల్ డే దగ్గరపడుతోందంటే చాలు, అమెరికాలో కొత్తగా ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే. గ్రిల్ కొంటున్నాం సరే, దానికి గ్యాస్ ఏ దారిన పెట్టుకోవాలి? 20 పౌండ్ల ప్రొపేన్ ట్యాంకా, స్టోర్లో దొరికే ఒక పౌండు డబ్బాలా, గోడలోంచి వచ్చే నేచురల్ గ్యాస్ లైనా?

అడిగేవాళ్ళు ముందు ఖర్చు లెక్క వేస్తారు, ఆ తర్వాత ట్యాంకు మోసుకురావడం గురించి దిగులు పడతారు. నా లెక్కలో ఆ రెండూ తర్వాతి మాట. ముందు చూడాల్సింది గ్యాసూ గ్రిల్లూ కలిసే జాయింటు. హోస్ తెగినా, నట్టు వంకరగా పడినా, పక్కన నూనె మంట అంటుకున్నా ఆ జాయింటు తనంతట తాను గ్యాస్ ఆపుతుందా, లేక మనం వెళ్ళి ఆపేదాకా వదులుతూనే ఉంటుందా? ఈ విషయంలో మూడూ ఒకటి కావు. ఇండిపెండెంట్ ఇల్లున్న చాలామందికి నేను 20 పౌండ్ల ట్యాంకే చెప్పడానికి కారణం అదే.

నల్ల నట్టు చేసే పని

ఇండియాలో గ్యాస్ బండ మీద రెగ్యులేటర్ టక్కుమని కూర్చుంటుంది. ఇక్కడ ఆ టక్కు ఉండదు, మర బిగించాలి. గ్రిల్ హోస్ చివర అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ నట్టు ఉంటుంది, ఎక్కువగా నలుపు రంగులో. ట్యాంకు వాల్వు బయటి పక్కనున్న లావు మరల మీద దాన్ని కుడివైపుకి తిప్పి చేత్తోనే బిగిస్తారు. దీని పేరు క్యూసీసీ1, కొందరు టైప్ 1 అంటారు. పానా అక్కర్లేదు, పెట్టకూడదు కూడా. మరలకి టెఫ్లాన్ టేపు చుట్టేవాళ్ళున్నారు, అదీ వద్దు. ఇక్కడ గ్యాస్‌ని ఆపేది మరలు కావు, లోపల ఇత్తడి ముక్కూ రబ్బరు సీలూ గట్టిగా ఆనుకునే చోటు.

ఈ కనెక్షన్‌లో మూడు రక్షణలున్నాయి. ఒకటి, నట్టు మధ్యలోని ఇత్తడి ముక్కు ట్యాంకు వాల్వు లోపలి స్ప్రింగుని నెడితే తప్ప గ్యాస్ బయటికి రాదు. ఏమీ తగిలించకుండా పొరపాటున పిడి తిప్పేసినా మూతిలోంచి గ్యాస్ రాకూడదు. అలాగని కారులో తెచ్చేటప్పుడు వాల్వు మూసి ప్లాస్టిక్ బిరడా పెట్టడం మానకండి. రెండు, గ్రిల్ కింద మంటలు లేచి నట్టు వేడి 240 నుంచి 300 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది, లోపలి స్ప్రింగు ముక్కుని వెనక్కి తోసి గ్యాస్ మూసేస్తుంది. ఒకసారి అలా మెత్తబడ్డ నట్టు మళ్ళీ పనికిరాదు, హోసూ రెగ్యులేటరూ కలిపి మార్చాలి. మూడోది, హోస్ తెగి గ్యాస్ ఒక్కసారిగా పారితే ఆ వేగానికి లోపలి చిన్న గుండు ముందుకు జరిగి దారి మూసేస్తుంది. పూర్తిగా మూసుకోదు, గంటకి సుమారు 10 ఘనపుటడుగుల గ్యాస్ మాత్రం వదులుతుంది.

ఈ మూడోదే జనాన్ని ఎక్కువ తిప్పలు పెడుతుంది. కొత్త ట్యాంకు తగిలించారు, నిండుగా ఉంది, అయినా మంట నీరసంగా నీలంగా మిణుకుమంటోంది, మూత మీది థర్మామీటర్ 250 దగ్గరే నిలబడిపోయింది. బర్నర్ పాడైందనుకుని కొత్తది ఆర్డర్ పెట్టేస్తారు. జరిగింది వేరు. ట్యాంకు పిడిని గబాల్న తిప్పేసరికి ఖాళీ హోస్‌లోకి గ్యాస్ దూసుకొచ్చింది, హోస్ తెగిందనుకుని ఆ గుండు దారి మూసేసింది. బర్నర్ నాబులు తెరిచి ఉండగా ట్యాంకు తెరిచినా ఇదే కథ.

సరిచేయడానికి ముందు గ్రిల్ నాబులన్నీ మూసేయండి, ట్యాంకు వాల్వు మూసేయండి. నట్టు విప్పి రెండు నిమిషాలు ఆగండి, గుండు వెనక్కి జారుతుంది. నట్టు మళ్ళీ తిన్నగా బిగించి, నాబులు మూసే ఉంచి, ట్యాంకు పిడిని పావు తిప్పు మాత్రమే తిప్పండి. కొన్ని సెకన్లు ఆగి మిగతాది తెరవండి. గ్రిల్ మూత పైకెత్తాకే మొదటి బర్నర్ వెలిగించండి. అది అంటుకోకపోతే అన్నీ మూసి, మూత తెరిచే ఉంచి, 5 నిమిషాలు ఆగి మళ్ళీ ప్రయత్నించాలి. ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి పైకి పోదు, గ్రిల్ పెట్టె అడుగున పేరుకుంటుంది.

నట్టు తిన్నగా పడకపోతే బలం చూపించకండి, ప్లాస్టిక్ మర ఇట్టే తెగిపోతుంది. ముందు కొంచెం ఎడమకి తిప్పండి, మర గాడిలోకి దిగినట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడు కుడికి తిప్పండి.

పాత ఇత్తడి కనెక్షన్

ఈరోజు దొరికే ట్యాంకు వాల్వుకి బయట లావు మరలుంటే లోపల ఎడమచేతి మరలుంటాయి. అవి పాత పీఓఎల్ రకానివి. అందుకే ఎవరో ఇచ్చిన పాత గ్రిల్ మీది ఇత్తడి హోస్ కూడా కొత్త ట్యాంకులో చక్కగా పడుతుంది. తేడా ఏమిటంటే, పానాతో ఎడమవైపుకి బిగించే ఆ ఇత్తడి నట్టుకి వేడికి మెత్తబడే గుణం లేదు. ట్యాంకు ఎంత కొత్తదైనా వేడికి మూసుకునే రక్షణ పోయినట్టే. పాత గ్రిల్ ఊరికే వచ్చిందని సంతోషించే ముందు హోసూ రెగ్యులేటరూ కలిసి వచ్చే క్యూసీసీ1 సెట్ కొనండి, దానికయ్యేది పెద్ద ఖర్చు కాదు.

ట్యాంకు పిడి ఎలా ఉందో కూడా చూడండి. మూడు మూలల పిడి, దాని మీద ఓపీడీ అని అక్షరాలుంటే లోపల ఎక్కువ నింపకుండా ఆపే తేలే బిళ్ళ ఉన్నట్టు. 2002 ఏప్రిల్ నుంచి ఇది లేని చిన్న ట్యాంకులు నింపకూడదు. గుండ్రటి లేదా నక్షత్రం ఆకారపు పిడి ఉన్న పాత ట్యాంకు గ్యారేజీ సేల్‌లో 5 డాలర్లకి దొరికినా వదిలేయండి.

నింపించుకోవడమా, మార్చుకోవడమా?

ట్యాంకు పైన వాల్వు చుట్టూ ఉండే ఇనుప కాలరు మీద టీడబ్ల్యూ అని ఖాళీ బరువు కొట్టి ఉంటుంది, ఎక్కువగా 17 పౌండ్ల చుట్టుపక్కల. బాత్రూమ్ తూకం మీద పెట్టి అందులోంచి ఆ బరువు తీసేస్తే మిగిలింది గ్యాస్. స్టోర్ బయట ఖాళీ ట్యాంకు ఇచ్చి నిండుది తీసుకునే మార్పిడి బోనులో దొరికే ట్యాంకుల్లో చాలావరకు 15 పౌండ్లే నింపుతారు. ట్రక్కులు అద్దెకిచ్చే యూహాల్ లాంటి చోట, ప్రొపేన్ డీలర్ల దగ్గర నింపించుకుంటే 20 దాకా పడుతుంది. పౌండుకి సుమారు 21,500 బీటీయూలు (వేడి కొలత), అంటే గంటకి 36,000 బీటీయూల మూడు బర్నర్ల గ్రిల్‌ని మొత్తం మంట మీద పెడితే 20 పౌండ్లు 12 గంటలు, 15 పౌండ్లు 9 గంటలు వస్తాయి. తందూరీ చికెన్‌కి మొదట పెద్ద మంట, తర్వాత మధ్యస్థం కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే వస్తుంది.

మార్పిడిలో ఉన్న ఒకే ఒక సుఖం, తయారైన 12 ఏళ్ళకి ట్యాంకు మళ్ళీ పరీక్ష చేయించాలన్న బాధ మనకుండదు. కాలరు మీద నెల, సంవత్సరం ఉంటాయి. గడువు దాటిన సొంత ట్యాంకుని నింపేచోట తిప్పి పంపేస్తారు, అప్పుడు మార్పిడికి ఇచ్చేయడమే తేలిక.

నిండు ట్యాంకు ఇంట్లో పెట్టకండి. ఇంటికి ఆనుకున్న గ్యారేజీ కూడా ఇల్లే. స్పేర్ ట్యాంకుని గ్రిల్ కింద పెట్టుకోవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

ఒక పౌండు డబ్బా

పార్కుకి తీసుకెళ్ళే చిన్న గ్రిల్‌కి ఇదే. అపార్ట్‌మెంటు బాల్కనీలో ఉన్నవాళ్ళకి తరచు వేరే దారి కూడా లేదు. ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్‌లో నిప్పంటుకునే బాల్కనీ మీదగానీ, అలాంటి కట్టడానికి 10 అడుగుల లోపుగానీ పెద్ద ట్యాంకు గ్రిల్ వాడకూడదని ఉంది. స్ప్రింక్లర్లు ఉన్న భవనాలకీ, ఒక పౌండు డబ్బాకీ అందులో మినహాయింపు ఉంది. ఊరి నిబంధనలు, లీజు దానికంటే కఠినంగా ఉండొచ్చు, లీజు చదివాకే గ్రిల్ కొనండి.

జాయింటు విషయంలో మాత్రం ఇది పెద్ద ట్యాంకుకి సాటి రాదు. గ్రిల్ రెగ్యులేటర్‌లోకే డబ్బాని నేరుగా తిప్పి బిగిస్తారు, లోపలి సూది లాంటి పుల్ల వాల్వుని నొక్కి తెరుస్తుంది. డబ్బాకి విడిగా మూసే పిడి ఉండదు. రెగ్యులేటర్ లోపలి రబ్బరు వాషర్ ఎండిపోయినా, ఊడి ఎక్కడో పడిపోయినా బిగించగానే బుస్సుమంటుంది. విప్పిన తర్వాత కూడా ఒక్కోసారి లోపలి వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆ మూతి మీద సబ్బునీటి చుక్క వేసి చూడండి. బుడగ పెరుగుతుంటే ఆరుబయట, నిప్పుకి దూరంగా, నిటారుగా పెట్టి మొత్తం వెళ్ళిపోనివ్వండి. 12,000 బీటీయూల చిన్న గ్రిల్ మీద ఒక డబ్బా రెండు గంటలు కూడా రాదు, చలికాలంలో అయితే సగానికి వచ్చేసరికే మంట తగ్గుతుంది.

డబ్బా మీద డీఓటీ-39 అని ఉంటే అది ఒక్కసారి వాడి పారేసే రకం. పెద్ద ట్యాంకుని తలకిందులు చేసి అందులోకి నింపే ఇత్తడి ముక్కలు ఆన్‌లైన్లో అమ్ముతారు. ఎక్కువ నిండకుండా ఆపే బిళ్ళ ఆ డబ్బాలో లేదు. ద్రవం అంచుదాకా నిండితే ఎండలో వ్యాకోచించడానికి చోటుండదు. కాలిఫోర్నియాలో 2028 జనవరి నుంచి ఈ పారేసే రకం అమ్మకమే ఉండదు, మళ్ళీ నింపుకునేవే దొరుకుతాయి.

చిన్న గ్రిల్‌ని పెద్ద ట్యాంకుకి కలిపే హోస్ ఒకటుంది. అది మంచి ఉపాయమే, కానీ అందులో గ్యాస్ ఒత్తిడి మామూలు గ్రిల్ హోస్‌లో ఉన్నట్టు ఉండదు. మామూలు గ్రిల్‌లో రెగ్యులేటర్ ట్యాంకు దగ్గరే ఉంటుంది, హోస్‌లో అర పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) కూడా ఉండదు. ఇక్కడ రెగ్యులేటర్ గ్రిల్ చివర ఉంటుంది కాబట్టి హోస్ నిండా ట్యాంకు ఒత్తిడే: 70 డిగ్రీల దగ్గర సుమారు 110 పీఎస్‌ఐ, 100 డిగ్రీల ఎండలో 170 దాటుతుంది. 350 పీఎస్‌ఐ అని ముద్ర ఉన్న హోస్ తప్ప ఇంకేదీ ఇక్కడ వాడకండి. పని అయ్యాక ట్యాంకు దగ్గరే మూసి, హోస్‌లో మిగిలిన గ్యాస్ మండిపోయాక నాబు మూయండి.

నేచురల్ గ్యాస్ లైను

పాటియో గోడ మీద ఇప్పటికే గ్యాస్ పైపు ముక్క ఉండి, వారం వారం గ్రిల్ వెలిగించేవాళ్ళకి ఇది హాయి. గ్యాస్ అయిపోదు, ట్యాంకు మోయక్కర్లేదు, లీకైనా గాలికంటే తేలిక కాబట్టి పైకి పోతుంది. హోస్ లాగేస్తే గోడ పక్క క్విక్ కనెక్టర్ తనంతట తాను మూసుకుంటుంది. కానీ హోస్ మధ్యలో తెగితే, ప్రత్యేకంగా పెట్టించుకుంటే తప్ప, ఆపే గుండు ఉండదు. గోడ వాల్వు మూసేదాకా గ్యాస్ వస్తూనే ఉంటుంది. పైపు లేకపోతే పర్మిట్ తీసుకుని ప్లంబర్ చేత వేయించాలి, ఆ ఖర్చుకి ఎన్నో ఏళ్ళ ప్రొపేన్ వస్తుంది.

ప్రొపేన్ గ్రిల్‌ని దీనికి తగిలిస్తే మంట నీరసిస్తుంది. నేచురల్ గ్యాస్ గ్రిల్‌ని ప్రొపేన్‌కి తగిలిస్తే మంట మీదికి ఎగబాకుతుంది, ఎందుకంటే అందులో గ్యాస్ వచ్చే రంధ్రాలు పెద్దవి, ప్రొపేన్‌లో వేడి రెండింతలకి పైనే. కంపెనీ కిట్ ఇస్తేనే మార్చాలి, ఇవ్వకపోతే డ్రిల్లుతో రంధ్రాలు పెద్దవి చేసే పని పెట్టుకోవద్దు.

పెరట్లో డేగిసా బిర్యానీ చేసే బర్నర్ సంగతి కూడా అడుగుతుంటారు. దానికొచ్చే తిప్పే ఎర్ర రెగ్యులేటర్ ఎక్కువ ఒత్తిడిది. నట్టు ఒకేలా ఉందని ఆ హోస్‌ని గ్రిల్‌కి బిగించకండి.

సబ్బునీళ్ళు

దేన్ని ఎంచుకున్నా, జాయింటు విప్పి బిగించిన ప్రతిసారీ ఈ పరీక్ష తప్పదు. గిన్నెలు తోమే సబ్బు సగం, నీళ్ళు సగం కలిపి బ్రష్‌తో పూయండి. నాబులు మూసి, ట్యాంకు వాల్వు తెరిచి, నట్టు చుట్టూ, రెగ్యులేటర్ మీద, హోస్ రెండు కొసల్లో, వాల్వు పిడి కింది కాండం చుట్టూ చూడండి. చలికాలం తర్వాత మొదటిసారి అయితే బర్నర్ గొట్టాల మూతులు కూడా తుడవండి. సాలీడు గూడు కడితే గ్యాస్ వెనక్కి మళ్ళి నాబుల దగ్గర మంట వస్తుంది, బర్నర్ మీద పసుపు మంట దానికి ముందు గుర్తు.

నట్టు దగ్గర బుడగలొస్తే మూసి, విప్పి, సీలు తుడిచి మళ్ళీ బిగించండి. అయినా వస్తే హోస్ సెట్ మార్చండి. కాండం దగ్గర వస్తే లోపం ట్యాంకుది. వాల్వు మూశాక బుడగలు ఆగితే ఆరుబయటే నిటారుగా ఉంచి, డీలర్‌కి ఫోన్ చేసి చెప్పి మార్పించుకోండి. ఆగకపోతే దాన్ని ముట్టుకోకండి, కదపకండి, దూరంగా జరిగి ఫైర్ డిపార్ట్‌మెంట్‌ని పిలవండి.