నాఫ్తలీన్ సల్ఫోనేట్ ట్రేసర్లు: పదకొండేళ్లు వాడాక

న్యూజిలాండ్‌లో తౌపో చుట్టుపక్కల జియోథర్మల్ క్షేత్రాల్లో (భూగర్భ వేడితో కరెంటు తీసే చోట్లలో) కెమిస్టుగా పదకొండేళ్లు గడిచాయి. కరెంటు తీశాక మిగిలిన వేడినీళ్లను రీఇంజెక్షన్ బావి ద్వారా తిరిగి భూమిలోకి దింపుతాం. అవి లోపల ఏ పగుళ్ల వెంట పోయి, ఎన్నాళ్లకు ఏ ఉత్పత్తి బావిలో తేలతాయో చెప్పేది ట్రేసరే, అంటే ఆ నీళ్లలో కలిపి పంపే గుర్తు పదార్థమే. మరీ తొందరగా తేలితే ఆ బావి చల్లబడుతుందేమోనని గుండెల్లో రాయి పడుతుంది.

మొదట్లో ఫ్లోరసీన్ అనే రంగు వాడాను. చవక. నీళ్లలో పడగానే ఆకుపచ్చగా మెరుస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ 250 డిగ్రీలు దాటిన చోట ఎక్కువకాలం నిలవదు. బావిలో ఏమీ కనబడకపోతే అసలు దారే లేదా, దారిలో రంగే చచ్చిపోయిందా? ఆ అనుమానం తీరేది కాదు. పైగా ఎండ తగిలినా పాడవుతుంది.

1,5-, 2,6-, 2,7- అనే మూడు రకాల నాఫ్తలీన్ డైసల్ఫోనేట్లకు మారాక ఆ బెంగ పోయింది. 300 డిగ్రీల వేడికీ తట్టుకుంటాయి. ఒక్కో బావిలో ఒక్కో రకం దింపితే హెచ్‌పీఎల్‌సీలో (ద్రవంలోని పదార్థాలను వేరుచేసి చూపే ల్యాబ్ యంత్రంలో) వేటికవే విడిగా కనిపిస్తాయి. వంద కోట్ల పాళ్లలో ఒక పాలు కన్నా తక్కువున్నా ఫ్లోరసెన్స్ డిటెక్టర్ పట్టేస్తుంది.

అదే నా కొంప ముంచింది. ఒకసారి ట్రేసర్ పొడి దింపిన రెండో రోజే దూరపు బావి శాంపిల్ గ్రాఫులో ట్రేసర్ శిఖరం కనిపించింది. రిజర్వాయర్ ఇంజినీరు అప్పుడే భూమి లోపలి నీటి దారుల మోడల్ మార్చడానికి కూర్చున్నాడు. తీరా చూస్తే, పొడి కలిపిన రోజు తొడుక్కున్న కోటుతోనే నేను శాంపిల్ పట్టాను! ఇప్పుడు కలిపినవాళ్లు సీసా ముట్టుకోరు. మా చేతుల నుంచి ఏమైనా అంటిందేమో తెలియడానికి శుభ్రమైన నీళ్ల సీసా ఒకటి ప్రతిసారీ వెంట వెళ్లి వస్తుంది.

ఈ సల్ఫోనేట్లు ఆవిరితో పైకి రావు కాబట్టి నీళ్లు లేకుండా ఆవిరి మాత్రమే వచ్చే బావులకు పనికిరావు. కాలిఫోర్నియాలోని గీజర్స్ అనే ఆవిరి క్షేత్రంలో అందుకే ఆర్-134ఏ (ఫ్రిజ్‌లు, ఏసీల్లో వాడే వాయువు) లాంటి వాయువులు వాడారు.

పైపులో ప్రవాహం కొలవడానికీ ఇవే వాడతాను. నిమిషానికి 10 గ్రాములు ఎక్కించి, దిగువన కిలో నీటికి 5 మిల్లీగ్రాములు తేలితే నిమిషానికి 2 టన్నుల నీరు పారుతున్నట్టు. బావి ఆపక్కర్లేదు. ట్రేసర్‌ను ఎక్కించే డోసింగ్ పంపు నిలకడగా లేకపోతే మాత్రం లెక్కంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆవిరి వాటా కొలవడానికి సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువు ఎక్కిస్తారు. భూమిని అంతగా వేడెక్కించే వాయువును హరిత విద్యుత్తు పేరుతో వదలడానికి నాకు మనసొప్పదు.

కొత్తగా వాడేవాళ్లకు ఒక్క మాట: మొదటి రెండు వారాలు ఆదివారం కూడా సీసా పట్టండి. ఒక శిఖరం నాకు సరిగ్గా అలాంటి సెలవు రోజునే జారిపోయింది.