కాయిలోవర్ కిట్టా, స్ప్రింగూ షాకప్పూ జతా: హైదరాబాద్ బండికి ఏది మేలు?

"అన్నా, నా షాకప్‌లు బాగానే ఉన్నాయి. ఎత్తు మార్చుకునే స్ప్రింగులు మాత్రం వేయిస్తే సరిపోదా?" వారానికి ఇద్దరైనా ఇదే అడుగుతున్నారు. ఒకరిది స్విఫ్ట్, ఒకరిది పోలో, మొన్న ఒకాయనది ఐ20. పోయిన నెల నా పోలోకి నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. అందుకే ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకేచోట రాస్తున్నాను.

ఉన్న దారులు మూడు. ఒకటి, పాత షాకప్ ఒంటికి థ్రెడ్ (మర) ఉన్న అల్యూమినియం స్లీవ్ (గొట్టం) తొడిగి, దాని మీది కాలర్ అనే రింగు తిప్పితే పైకీ కిందకీ జరిగే స్ప్రింగ్ పెట్టడం. రెండు, బండిని 25-30 మి.మీ. దించే స్ప్రింగులు, వాటికి సరిపడేలా తయారైన షాకప్‌లు కలిపి వేయడం. మూడు, షాకప్ చుట్టూనే స్ప్రింగ్ ఉండి, ఎత్తు మార్చుకునేలా రెండిటినీ కంపెనీయే జత కుదిర్చి ఇచ్చే పూర్తి కాయిలోవర్ కిట్. స్ప్రింగ్ కోయించడం గురించి మాత్రం అడక్కండి. కోసిన చివర సీటు మీద సరిగ్గా కూర్చోదు, ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. ఎయిర్ సస్పెన్షన్ పెళ్లి ఊరేగింపులో బాగుంటుంది.

నన్నడిగితే అంతా తేలేది షాకప్ దగ్గరే. స్ప్రింగ్ బరువు మోస్తుంది, గుంతలో పడ్డప్పుడు నలిగి ఆ దెబ్బను తనలో దాచుకుంటుంది. దాచుకున్నది మళ్లీ వదలాలి కదా, ఆ వదిలేటప్పుడు పగ్గం పట్టేది షాకప్. స్ప్రింగ్ ఎంత గట్టిదైతే అంత జోరుగా వెనక్కి తంతుంది. మామూలు హ్యాచ్‌బ్యాక్‌లో ముందు స్ప్రింగ్ ఇంచుమించు 2 నుంచి 3 కేజీలు, అంటే ఒక్క మి.మీ. నొక్కడానికి అంత బరువు పెట్టాలి. కాయిలోవర్ స్ప్రింగులు ఎక్కువగా 4 నుంచి 6 కేజీల్లో దొరుకుతాయి. 2.5 తీసేసి 5 వేశామనుకోండి. స్ప్రింగ్ రెండింతలైతే షాకప్ బిగువు రెండింతలు అక్కర్లేదు గానీ, రెండుకి వర్గమూలం, అంటే 1.41 రెట్లు కావాలి. ఆ అదనపు 40 శాతం కంపెనీ షాకప్‌లో ఎక్కడిది?

పాత స్విఫ్ట్‌కి నేను చేసిన తప్పు ఇదే. స్లీవ్ మీద కొత్త స్ప్రింగులు, లోపల కంపెనీ షాకప్‌లు. చూడ్డానికి బండి అదిరిపోయింది. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) మీద మాత్రం బ్రిడ్జి జాయింట్ తగిలినప్పుడల్లా మూడుసార్లు ఊగితే గానీ కుదుటపడేది కాదు. వెనక కూర్చున్న మా అత్తయ్య శంషాబాద్ దాటేలోపే కవర్ అడిగింది. ఎనిమిది నెలలకి ముందు ఎడమ షాకప్ నూనె కక్కింది. ఉస్తాద్ ఆ తడిని గుడ్డతో తుడుస్తూ, "స్ప్రింగ్ నయా, షాకప్ పురానా. షాదీ కుదర్లే భాయ్" అన్నాడు.

తిరగేసినా తంటాయే. మెత్తటి స్ప్రింగ్‌కి బాగా బిగువైన షాకప్ పెడితే, నలిగిన స్ప్రింగ్ పైకి లేచేలోపే ఇంకో గుంత వస్తుంది, ఇంకాస్త దిగుతుంది, మళ్లీ ఇంకోటి. రంబుల్ స్ట్రిప్స్ వరసగా ఉన్నచోట బండి మెట్టుమెట్టుగా నేలకి కుంగిపోతుంది. స్పోర్ట్ షాకప్ వేశాక బండి రాయిలా అయిందని తిట్టుకునేవాళ్లలో కొందరి సమస్య నిజానికి ఇదే.

షాకప్‌కి బిగువు మార్చే నాబ్ ఉంటే ఏ స్ప్రింగైనా నడుస్తుందన్న మాట కూడా నమ్మకండి. బీసీ రేసింగ్ బీఆర్ కిట్‌లో 30 క్లిక్కులున్నాయి, టైన్ ఫ్లెక్స్ జెడ్‌లో 16. అవన్నీ ఆ కిట్‌తో వచ్చిన స్ప్రింగ్ చుట్టూ అటూ ఇటూ సర్దుకోవడానికే. పైగా వీటిలో ఒక్క నాబ్ తిప్పితే నలిగేటప్పటి బిగువు, లేచేటప్పటి బిగువు రెండూ కలిసే మారతాయి. గట్టి స్ప్రింగ్‌కి ముఖ్యంగా కావాల్సింది లేచేటప్పటిది, అంటే రీబౌండ్. కోనీ ఎల్లో షాకప్‌లో నాబ్ మార్చేది రీబౌండ్‌నే, అందుకే నాకది ఇష్టం. కేడబ్ల్యూ వాళ్ల కాయిలోవర్ కిట్లలో వీ1లో ఎత్తు మాత్రమే మారుతుంది, వీ2లో రీబౌండ్ కూడా, వీ3లో రెండూ విడివిడిగా. స్ప్రింగ్ తేడా మరీ ఎక్కువైతే నాబ్‌తో పని జరగదు, షాకప్ విప్పి లోపలి షిమ్‌లు (నూనెను అదుపు చేసే సన్నటి రేకులు) మార్చాల్సిందే.

ఇంకో అపోహ, కాలర్ బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడుతుందని. మొదటి నుంచి చివరిదాకా ఒకే గట్టిదనం ఉండే స్ప్రింగ్ అయితే కాలర్ ఎంత తిప్పినా 5 కేజీలది 5 కేజీలే. లేచేది బండి ఎత్తు.

ఎత్తు అన్నాం కాబట్టి షాకప్ నడకను, అంటే అది ఎంత దూరం నలగగలదో కూడా చూడాలి. బండి మామూలుగా నిలబడి ఉన్నప్పుడు షాకప్ ఇంకా 80 మి.మీ. నలగగలదు అనుకుందాం. స్లీవ్ కాలర్‌ను 40 మి.మీ. దించితే మిగిలేది 40. అందులోనే షాకప్ అడుగంటకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరు కూడా ఉంటుంది. ఇప్పుడు దసరాకి ఊరెళ్తున్నారు. వెనక సీట్లో ముగ్గురు, వచ్చేటప్పుడు డిక్కీలో బియ్యం బస్తా. వెనక చక్రాల మీద అదనంగా 200 కేజీలు పడితే చక్రానికి 100. స్ప్రింగ్ 2.5 కేజీలదైతే అక్కడే 40 మి.మీ. అయిపోయింది. ఇక బండి నిలబడింది స్ప్రింగ్ మీద కాదు, రబ్బరు మీద. శ్రీశైలం ఘాట్‌లో మలుపు మధ్యలో అలా రబ్బరుకి ఆనితే వెనక భాగం ఒక్కసారిగా బిగుసుకుని పక్కకి జారాలని చూస్తుంది.

స్లీవ్ దారిలో దీనికి మందు లేదు. కొన్ని మంచి కాయిలోవర్ కిట్‌లలో ఉంది. వాటిలో స్ప్రింగ్ సీటు కాక, షాకప్ కిందుండే బ్రాకెట్టే థ్రెడ్ మీద తిరుగుతుంది, కాబట్టి బండి దిగినా షాకప్ నడక తగ్గదు. కొనేముందు అమ్మేవాణ్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. రెండో దారిలో మందు ఇంకో రకం. బిల్‌స్టీన్ బీ8 షాకప్‌కి రాడ్డే పొట్టిగా ఉంటుంది, దించిన స్ప్రింగ్ కోసమే చేసింది. బీ6 మాత్రం మామూలు ఎత్తుకి. ఈ రెండిటినీ తారుమారు చేసి అంటగట్టే దుకాణాలున్నాయి, పెట్టె మీద నంబర్ చూసుకోండి. పొట్టి స్ప్రింగ్‌కి పొడుగు షాకప్ పడితే, జాకీ ఎత్తినప్పుడు స్ప్రింగ్ సీటులో వదులై టక్ టక్ మంటుంది. చేత్తో తిప్పితే తిరుగుతుంది కూడా. అలాంటి బండిని గుంతల రోడ్డు మీద తిప్పడం తెలివి కాదు.

మరి నేనేం వేయించాను? రెండోదే. ఐబాక్ ప్రో-కిట్ స్ప్రింగుల్ని బీ8 షాకప్‌లతో కలిపి బిల్‌స్టీన్ వాళ్లు బీ12 పేరుతో అమ్ముతారు, నేను తీసుకున్నది ఆ తరహా జతే. కారణం మన రోడ్లే. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉండాలి. నిజాంపేటలో మా కాలనీవాళ్లు రాత్రికి రాత్రి పోయించినవాటికి ఎత్తు దండిగా ఉంది, వెడల్పు చాప కూడా పరవలేనంత. పోలోకి కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్స్ 165 మి.మీ.లో 25 పోతే 140. ఇద్దరం ఉంటే ఏటవాలుగా పోనిచ్చి దాటిస్తున్నాను. 50 దించినవాడు దిగి చూసుకోవాలి.

కాయిలోవర్ కిట్ చెడ్డదేం కాదు. కోయంబత్తూరు కారి రేసు ట్రాక్‌కో, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైకో ఏడాదికి నాలుగుసార్లు వెళ్లేవాళ్లకి, నాలుగు చక్రాల బరువు తూచి ఎత్తు సరిచేయించుకునే ఓపిక ఉన్నవాళ్లకి అదే సరైనది. మిగతా మనలాంటివాళ్లం మొదటి వారం కాలర్ నాలుగుసార్లు తిప్పుతాం, తర్వాత ముట్టుకోం. రెండు వానాకాలాల బురద థ్రెడ్‌లోకి దూరాక తిప్పుదామన్నా తిరగదు. వేయించేటప్పుడే యాంటీ-సీజ్ (మర బిగుసుకుపోకుండా పూసే పేస్టు) పూయించి, ఆర్నెల్లకోసారి కడిగించుకుంటే తప్ప. ఇంకోటి, పోలో, స్విఫ్ట్ లాంటి బండ్లకి వెనక టార్షన్ బీమ్, అంటే రెండు చక్రాలనీ కలిపే దూలం. అక్కడ స్ప్రింగ్ వేరు, షాకప్ వేరు. కిట్ ఎంత ఖరీదైనదైనా వెనక వచ్చేది అసలు కాయిలోవర్ కాదు.

సెకండ్ హ్యాండ్ స్ప్రింగులకి వెళ్లేవాళ్లు లోపలి వ్యాసం కొలవండి. 60, 63.5, 65 మి.మీ. మూడు రకాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. 63.5 సీటు మీద 65 స్ప్రింగ్ కూర్చున్నట్టే కూర్చుని పక్కకి జరుగుతుంది. గట్టిదనం అంకె కూడా జాగ్రత్త. జర్మన్ స్ప్రింగ్ మీద 50 అని ఉంటే అది మి.మీ.కి న్యూటన్లలో, అంటే ఇంచుమించు 5 కేజీలు. అమెరికన్‌ది అయితే అదే 5 కేజీలు అంగుళానికి 280 పౌండ్లు అని ఉంటుంది. రాణిగంజ్‌లో ఒకాయన నాకు "50 కేజీల స్ప్రింగ్ సార్, లారీకన్నా గట్టి" అని చూపించాడు.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. 25 మి.మీ. ఎవరి కంటా పడదులే అనుకోవడం మీ ఇష్టం, బాధ్యతా మీదే. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా ఉండటం మాత్రం నాకు నచ్చదు.

ఇక మొదటి దారి, అందరూ అడిగేది. స్లీవే కావాలి, బడ్జెట్ అంతే అంటే, ముందు షాకప్‌లు మార్చండి, స్ప్రింగులు తర్వాత చూద్దాం. ఇరవై వేలు మిగిలాయని మురిసిపోయి, ఏడాదికి షాకప్‌లు, మౌంట్ రబ్బర్లు కలిపి అంతకు మించి పెట్టినవాణ్ని నేనే.

కొత్త స్ప్రింగులు బరువుకి సర్దుకుంటాయి. నాది మూడో వారానికి ఇంకో 5 మి.మీ. దిగింది. ఎత్తు మారితే చక్రాల కోణాలూ మారతాయి కాబట్టి, ఫిట్ చేసిన రోజే చేయించిన వీల్ అలైన్‌మెంట్ డబ్బులు వృథా, ఈ శనివారం మళ్లీ వెళ్లాలి.