బఫే గిన్నెల కింద ఇథనాల్ జెల్ డబ్బాలు: మసి పట్టదు, మంటతో మాత్రం జాగ్రత్త

క్యాటరింగ్ చేసేవాళ్ళ కోసం రాస్తా ఉండా. ఈ సీజన్ పెళ్ళిళ్ళకి బఫే గిన్నెల కింద పెట్టే జెల్ డబ్బాలు నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక హోల్‌సేల్ షాపులో తీసుకున్నాం, డబ్బా మీద ఇథనాల్ అని స్పష్టంగా రాసుండాది (అది ఒక రకం ఆల్కహాల్), అది చూసే కొన్నా. అంతకుముందు మైనం డబ్బాలు వాడేవాళ్ళం, ఫంక్షన్ అయ్యాక గిన్నెల అడుగున మసి గీకలేక మా పిలకాయల చేతులు పడిపోయేవి. ఇప్పుడు తడిగుడ్డతో తుడిస్తే చాలు, బో హాయిగా ఉండాది.

తేడా అంతా కాలే సరుకులోనే ఉండాది. మైనం అంటే పొడుగాటి కార్బన్ గొలుసులు, ఆక్సిజన్ అసలుండదు. మంట లోపలికి గాలి సరిగా అందదు కదా, అక్కడి వేడికి గొలుసులు తెగి ఎసిటిలీన్ లాంటి చిన్న ముక్కలవుతాయి, అవి కలిసి ఆరేసి కార్బన్ల బెంజీన్ రింగులు కడతాయి, రింగుకి రింగు అతుక్కుని పెరిగి పెరిగి చివరికి మసి రేణువులు. మంట పసుపుగా కనపడేది ఆ రేణువులు వేడికి వెలగబట్టే. నిలకడగా మండితే అంచున గాలి తగిలి కాలిపోతాయి, అదే హాల్లో ఫ్యాన్ గాలి కొట్టినా గిన్నె మరీ కిందికున్నా కాలకముందే చల్లబడి అడుగుకి అంటుకుంటాయి. ఇథనాల్లో కార్బన్లు రెండే, బరువులో దాదాపు 35 శాతం ఆక్సిజనే, రింగులు కట్టడానికి దొరికే ముక్కలే తక్కువ, అందుకే నీలంగా కాలుద్ది.

ఆల్కహాల్ అని రాసుంటే చాలదండీ, ఏ ఆల్కహాలో చూడాల. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి కార్బన్లు మూడు, మంట పసుపుగా వస్తది, కాస్త మసి కూడా. మిథనాల్‌కి ఒక్కటే కార్బన్, మసి దాదాపు రాదు, కానీ అది విషం, కడుపులోకి పోతే చూపు పోద్ది, ప్రాణం కూడా పోవచ్చు. అన్నాలు తినే చోట పేరు రాయని డబ్బా ఎంత చవగ్గా ఇచ్చినా పెట్టొద్దు.

ఇక ఇథనాల్‌కి వేడి తక్కువ. కిలో మైనం 40 మెగాజౌల్స్ పైనే వేడి ఇస్తే ఇథనాల్ 27 దాకా, జెల్లో నీళ్ళు కూడా ఉంటాయి కాబట్టి ఇంకా తగ్గుద్ది. చేపల పులుసైనా సాంబారైనా పొగలొచ్చేట్టు కాచి గిన్నెలో పోస్తేనే నిలబడుద్ది, చల్లటిది పోసి ఇది వేడెక్కిస్తదని చూడొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, పగటిపూట పందిట్లో ఈ మంట కనపడదు. ఆరిపోయిందనుకుని పైన జెల్ పోస్తే భగ్గుమంటది. మూత పెట్టి ఆర్పాల, డబ్బా చల్లారినాకే చెయ్యి పెట్టాల. ఈ మాట డబ్బా మీద తెలుగులో లేదు, షాపులో చెప్పలేదు, అందుకే 5కి 4 ఇస్తా ఉండా.