లైట్‌రూమ్‌లో దుమ్ము మచ్చలు తీయడం: బరంపురం నుంచి నా రివ్యూ

గోపాల్‌పూర్ బీచ్‌లోనో, రంభ వైపు చిలికా ఒడ్డునో ఫొటోలు తీసేవాళ్లకి ఈ బాధ తెలిసే ఉంటుంది. గాలికి లెన్స్ మారిస్తే కెమెరా లోపల బొమ్మను పట్టే సెన్సర్ మీద దుమ్ము చేరుతుంది, లెన్స్ రంధ్రం పెద్దగా తెరిచే ఎఫ్2.8లో ఏమీ కనపడదు, దాన్ని బాగా చిన్నది చేసే ఎఫ్16కి వెళ్లగానే ఆకాశం నిండా బూడిదరంగు చుక్కలు.

నేను వాడేది అడోబీ వాళ్ల ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్, అందులో ప్రాణం పెట్టేది మచ్చల్ని చూపించే 'విజువలైజ్ స్పాట్స్' మీద. 2013లో లైట్‌రూమ్ 5తో వచ్చింది. కీబోర్డులో క్యూ నొక్కి, మచ్చలు తుడిచే హీల్ టూల్ తెరిచి, కింద ఆ పేరు దగ్గర టిక్ పెడితే ఫొటో మొత్తం నల్లగా మారి అంచులు మాత్రమే తెల్లగా మిగులుతాయి, మామూలుగా కంటికి ఆనని మచ్చ కూడా చిన్న తెల్ల సున్నాలా బయటపడుతుంది. పక్కనున్న స్లైడర్ మరీ పెంచకండి, నీటి మెరుపులూ మచ్చల్లాగే కనిపిస్తాయి.

దుమ్ము అన్ని ఫొటోల్లో ఒకే చోట ఉంటుంది కాబట్టి, ఒకదాంట్లో తుడిచి, ఆ మార్పునే కాపీ చేసే సింక్ బటన్ కొడితే మిగతావాటికీ పని అయిపోతుంది, పెళ్లి ఆల్బమ్‌లు చేసే మా ఊరి కుర్రాళ్లకి ఇది వరం. కానీ వేరే ఫ్రేములో ఆ చోట పక్షి రెక్కో, పడవ తాడో ఉంటే అది చెదిరిపోతుంది, ఒక్కొక్కటీ చూసుకోవాల్సిందే.

నాకు నచ్చనిది నెలనెలా కట్టే చందా. అది భారమైతే ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ డార్క్‌టేబుల్ ఉచితం, దాని రీటచ్ మాడ్యూల్‌తోనూ మచ్చలు పోతాయి, అలవాటు పడటానికే టైమ్ పడుతుంది. ఏది వాడినా దుమ్ముని గాలితో ఊదే చేతి బ్లోయర్ ఒకటి కొనుక్కోండి, సెన్సర్ మీద నోటితో మాత్రం ఊదకండి, తుంపర్లు పడితే ఇంకా కష్టం.